87 సిల్వియా: మద్రాసు నుంచి దొరికిన నల్లని గ్రహశకలం

87 సిల్వియా ప్రధాన గ్రహశకలాల పట్టీకి బయటి అంచున సూర్యుడి చుట్టూ తిరిగే పెద్ద గ్రహశకలం. 1866 మే 16న మద్రాసు వేధశాల నుంచి నార్మన్ రాబర్ట్ పోగ్సన్ దీన్ని కనుగొన్నారు. పేరు ముందున్న 87 వరుస సంఖ్య. అంటే అప్పటికి మనిషికి తెలిసిన గ్రహశకలాల జాబితాలో ఇది ఎనభై ఏడోది. దీని పొడవు సుమారు 360 కిలోమీటర్లు, సగటు వ్యాసం 270 కిలోమీటర్లు. మీద పడిన సూర్యకాంతిలో నూటికి నాలుగైదు పాళ్ళు మాత్రమే వెనక్కి పంపేంత నల్లగా ఉంటుంది. రెండు ఉపగ్రహాలున్నాయని తేలిన మొట్టమొదటి గ్రహశకలం ఇదే. వేల సంఖ్యలో గ్రహశకలాలు ఏటా దొరుకుతున్న ఈ రోజుల్లో కూడా, ఒక గ్రహశకలాన్ని ఇక్కడి నుంచే తూచి దాని కడుపులో ఏముందో ఊహించవచ్చని చూపిన ఉదాహరణల్లో సిల్వియాదే పెద్దపీట.

ఎక్కడ ఉంటుంది

అంగారకుడికీ బృహస్పతికీ మధ్య పరుచుకున్న గ్రహశకలాల పట్టీ అంతటా ఒకే సాంద్రతతో ఉండదు. బృహస్పతి ఆకర్షణ పదేపదే ఒకే తీరున లాగే దూరాల్లో ఖాళీలు ఏర్పడ్డాయి. వీటిని అమెరికా ఖగోళవేత్త డేనియల్ కిర్క్‌వుడ్ గుర్తించారు. సిల్వియా దొరికిన 1866వ సంవత్సరంలోనే ఆయన ఈ ఖాళీల సంగతి బయటపెట్టారు. ఆ ఖాళీల్లో ఒకటి సూర్యుడి నుంచి 3.27 ఖగోళ ప్రమాణాల దూరంలో ఉంది. భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న సగటు దూరమే ఒక ఖగోళ ప్రమాణం. 3.27 దగ్గర తిరిగే రాయి రెండు చుట్లు వేసేసరికి బృహస్పతి సరిగ్గా ఒక చుట్టు పూర్తి చేస్తుంది. ఉయ్యాలను ప్రతిసారీ ఒకే అదనులో తోస్తే ఊపు ఎలా పెరుగుతుందో, అక్కడి రాళ్ళ కక్ష్యలు కూడా అలాగే చెదిరిపోతాయి.

చాలామంది ప్రధాన పట్టీ ఆ ఖాళీతో ముగిసిందని లెక్కిస్తారు. సిల్వియా దానికి అవతల ఉంది. సూర్యుడి నుంచి దీని సగటు దూరం 3.48 ఖగోళ ప్రమాణాలు, అంటే సుమారు 52 కోట్ల కిలోమీటర్లు. కక్ష్య కొద్దిగా కోలగా ఉండటం వల్ల ఆ దూరం 47 కోట్ల నుంచి 57 కోట్ల కిలోమీటర్ల దాకా మారుతుంది. కక్ష్యాతలం భూకక్ష్యకు దాదాపు 11 డిగ్రీలు వాలి ఉంది. ఒక చుట్టు పూర్తికావడానికి ఆరున్నరేళ్ళు పడుతుంది. 65 సిబెలీ అనే గ్రహశకలం పేరుమీద సిబెలీ గుంపు అని పిలిచే ఈ బయటి బృందంలో అతిపెద్దవాటిలో సిల్వియా ఒకటి.

ఇంత దూరంలో సూర్యకాంతి మనకు అందేదానిలో పన్నెండో వంతుకు పడిపోతుంది. ఉపరితలం మీద సగటు చలి మైనస్ 120 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది.

నుంగంబాకం వేధశాల

సిల్వియా కథలో మన పాఠకులు ఆగి చూడవలసిన చోటు మద్రాసులోని నుంగంబాకం. విలియం పెట్రీ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి 1786లో ఎగ్మూరులో సొంత ఖర్చుతో పెట్టుకున్న చిన్న వేధశాలను 1790లో కంపెనీ తీసుకుంది. 1792లో అది నుంగంబాకంలో కొత్త కట్టడానికి మారింది. పరికరాన్ని నిలపడానికి అక్కడ ఎత్తయిన నల్లరాతి స్తంభం నిలబెట్టారు. దాని మీద వేధశాల స్థాపన గురించి వేర్వేరు భాషల్లో చెక్కించారు. ఆ భాషల్లో తెలుగూ ఉంది. టెలిస్కోపు కింద తెలుగు అక్షరాలు చెక్కిన రాయి 18వ శతాబ్దం నుంచీ ఉందని తెలిసినవాళ్ళు మనలో ఎంతమంది? ఆ స్తంభం ఇప్పటికీ నుంగంబాకంలోని వాతావరణ శాఖ ఆవరణలో ఉంది.

పోగ్సన్ 1861లో ఈ వేధశాల బాధ్యతలు తీసుకున్నారు. 1891లో చనిపోయేదాకా ముప్పై ఏళ్ళు మద్రాసులోనే పనిచేశారు. అంతకుముందు ఆక్స్‌ఫర్డులో ఉన్నప్పుడే మూడు గ్రహశకలాలు కనుగొన్నారు. వాటిలో మొదటిదైన 42 ఐసిస్‌కు ఆయన కూతురి పేరే ఉంది. ఆ కూతురు ఎలిజబెత్ ఐసిస్ పోగ్సన్ తర్వాత మద్రాసు వేధశాలలోనే సహాయకురాలిగా పనిచేశారు. పోగ్సన్ మద్రాసు వచ్చిన కొద్ది నెలలకే, 1861 ఏప్రిల్ 17న 67 ఆసియాను పట్టుకున్నారు. ఆసియా ఖండం నుంచి దొరికిన మొదటి గ్రహశకలం కావడంతో దానికి ఖండం పేరే పెట్టారు. 1864లో 80 సాఫో దొరికింది. దాని తర్వాతది సిల్వియా.

అప్పటికి ఫొటోల ద్వారా గ్రహశకలాలను వెతికే పద్ధతి లేదు. అది 1891లో జర్మనీలో మాక్స్ వోల్ఫ్‌తో మొదలైంది. పోగ్సన్ కాలంలో ఆకాశంలో ఒక చిన్న తునకను ఎంచుకుని, టెలిస్కోపులో కనిపించే చుక్కలను ముందే గీసిపెట్టుకున్న పటంతో ఒక్కొక్కటిగా సరిపోల్చేవారు. పటంలో లేని చుక్క కనిపిస్తే వెంటనే ఆనందపడటానికి లేదు. అది పటంలో తప్పిపోయిన నక్షత్రం కావచ్చు, వెలుగు హెచ్చుతగ్గయ్యే నక్షత్రం కావచ్చు. దాని స్థానాన్ని కొలిచి, కొన్ని గంటలు ఆగి, లేదా మర్నాడు రాత్రి మళ్ళీ చూడాలి. నక్షత్రమైతే కదలదు. గ్రహశకలమైతే పక్క చుక్కల మధ్య కాస్త జరిగి ఉంటుంది. సిల్వియాను పట్టించినది కూడా ఆ జరుగుడే.

ఈ పనికి కావలసిన కొలబద్దను కూడా పోగ్సనే ఇచ్చారు. నక్షత్రాల వెలుగును చెప్పడానికి ఖగోళవేత్తలు ఇవాళ్టికీ వాడే మాగ్నిట్యూడ్ కొలతకు గణిత రూపం 1856లో ఆయన ప్రతిపాదించినదే. ఐదు మెట్లు దిగితే వెలుగు సరిగ్గా నూరో వంతు అవుతుంది. ఒక్కో మెట్టుకు 2.512 రెట్ల తేడా. చీకటి ఆకాశంలో మామూలు కంటికి ఆరో మెట్టు దాకా కనిపిస్తుంది. మంచి కాలంలో కూడా సిల్వియా సుమారు పన్నెండో మెట్టులో ఉంటుంది. కంటికి ఆనే ఆఖరి నక్షత్రం కంటే ఇది సుమారు 250 రెట్లు మసక అన్నమాట.

వేధశాలలో ప్రథమ సహాయకుడిగా చింతామణి రఘునాథాచారి పనిచేశారు. 1867లో ఆర్ రెటిక్యులై అనే చర నక్షత్రాన్ని గుర్తించినది ఆయనే. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పోగ్సన్ మచిలీపట్నం నుంచి, రఘునాథాచారి వనపర్తి నుంచి పరిశీలించారు. సిల్వియా దొరికిన రెండేళ్ళకే ఆ వేధశాల జట్టు తెలుగునేల మీద టెలిస్కోపులు దించిందన్నది మన స్థానిక చరిత్రల్లో చేరవలసిన విషయం.

పేరు

రోమన్ల పురాణంలో రియా సిల్వియా కవలల తల్లి. రోమ్ నగరాన్ని స్థాపించారని చెప్పే రోములస్, రెమస్ ఆమె బిడ్డలే. పోగ్సన్ పేరు పెట్టింది ఆమెను దృష్టిలో పెట్టుకునే. ఫ్రెంచి ఖగోళ రచయిత ఫ్లమారియోఁ భార్య సిల్వీ పేరు అని కొన్ని పుస్తకాల్లో కనిపిస్తుంది గాని, 1866లో పోగ్సన్ చేసిన ప్రకటనలోనే రియా సిల్వియా ప్రస్తావన ఉంది కనుక ఆ మాట నిలవదు.

నలుపు ఎంత నలుపు

వెస్టా అనే గ్రహశకలం మీద పడిన కాంతిలో సుమారు నలభై శాతాన్ని వెనక్కి పంపుతుంది. మన చంద్రుడు పన్నెండు శాతం దాకా పంపుతాడు. సిల్వియా పంపేది నాలుగైదు శాతమే. వంటచెరకు కాలి ఆరిన పొయ్యిలో మిగిలే బొగ్గుముక్కను పగటి వెలుతురులో చేతిలోకి తీసుకుంటే కనిపించే నలుపు అది.

ఈ నలుపు వల్ల ఒక పెద్ద ఇబ్బంది వచ్చింది. టెలిస్కోపులో కనిపించే వెలుగు మాత్రమే చూస్తే, చిన్న తెల్లని రాయికీ పెద్ద నల్లని రాయికీ తేడా తెలియదు. రెండూ ఒకే వెలుగు ఇవ్వగలవు. దీనికి పరిష్కారం వేడిలో దొరికింది. నల్లని వస్తువు తాను మింగిన కాంతిని వేడిగా మార్చి పరారుణ కిరణాల రూపంలో బయటికి వదులుతుంది. కంటికి కనిపించే కాంతినీ పరారుణాన్నీ కలిపి కొలిస్తే సైజు, నలుపు రెండూ విడివిడిగా తేలతాయి. 1983లో ప్రయోగించిన ఐరాస్ ఉపగ్రహం వేలాది గ్రహశకలాలను ఈ పద్ధతిలో కొలిచింది. సిల్వియా లాంటి నల్లనివి ఎంత పెద్దవో అలా బయటపడింది.

ఇంకో చిక్కు వర్ణపటంలో ఉంది. సిల్వియా నుంచి వచ్చే కాంతిని రంగులుగా విడదీస్తే ఏ ఖనిజం తాలూకు గుర్తూ గట్టిగా కనిపించదు. ఎరుపు వైపు కాస్త ఎగబాకే చదునైన గీత మాత్రమే ఉంటుంది. లోహం ఎక్కువగా ఉన్న గ్రహశకలాల గీత కూడా ఇలాగే ఉంటుంది. అందుకే ఈ రకం అన్నిటినీ మొదట ఎక్స్ తరగతి అని పక్కన పెడతారు. ఎంత కాంతిని వెనక్కి పంపుతుందో తెలిశాకే తెల్లనివి ‘ఈ’ (E) తరగతికి, మధ్యస్థంగా ఉన్నవి ఎమ్ తరగతికి, నల్లనివి పి తరగతికి వెళ్తాయి. సిల్వియా పి తరగతికి చెందింది. కర్బన పదార్థాలు, నీరు తగలని సిలికేట్ ధూళి కలిసిన పైపొర ఇలా కనిపిస్తుందని ప్రస్తుత అవగాహన. పట్టీ లోపలి భాగంలో ఈ రకం అరుదు, బయటికి వెళ్ళేకొద్దీ ఎక్కువ. తోకచుక్కల ధూళికీ ఈ గ్రహశకలాలకీ పోలిక ఉంది. అందుకే ఇవి అసలు నెప్ట్యూన్ అవతల పుట్టి, పెద్ద గ్రహాలు తొలినాళ్ళలో చోటు మారుతున్నప్పుడు ఇక్కడికి తోయబడ్డాయని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు.

ఆకారం, భ్రమణం

సిల్వియా గుండ్రంగా ఉండదు. బంగాళాదుంపలా సాగి ఉంటుంది. పొడవు 360, వెడల్పు 250, మందం 190 కిలోమీటర్ల వరకు ఉంటాయి. పొడవు వైపు మనకు ఎదురైనప్పుడు వెలుగు పెరుగుతుంది, కొస ఎదురైనప్పుడు తగ్గుతుంది. ఒక చుట్టుకు రెండుసార్లు వచ్చే ఈ హెచ్చుతగ్గుల నుంచే భ్రమణకాలం తేలింది. అది 5 గంటల 11 నిమిషాలు. ఇంత పెద్ద శరీరానికి ఇది చాలా వేగం.

భూమి మీద 60 కిలోలు తూగే మనిషి సిల్వియా మీద సగటున 300 గ్రాముల చిల్లర తూగుతాడు. పొడవాటి కొస మీద నిలబడితే ఇంకా తక్కువ. ఎందుకంటే అక్కడ కేంద్రం దూరమవుతుంది, తిరుగుడు వేగం బయటికి విసురుతుంది. సెకనుకు సుమారు 120 మీటర్ల వేగంతో విసిరిన రాయి మళ్ళీ కింద పడదు.

కవలలు దొరికారు

అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా సిల్వియా మనకు 30 కోట్ల కిలోమీటర్ల కంటే ఎక్కువ దూరంలోనే ఉంటుంది. అంత దూరం నుంచి దాని పొడవును చూడటం రూపాయి బిళ్ళను 20 కిలోమీటర్ల అవతల పెట్టి చూడటంతో సమానం. పైగా భూవాతావరణం కాంతిని వణికించి ఆ బిళ్ళను మసక మచ్చగా మారుస్తుంది. ఆ వణుకును పసిగట్టి, సెకనుకు ఎన్నోసార్లు అద్దం ఆకారాన్ని సవరించే అడాప్టివ్ ఆప్టిక్స్ వచ్చాకే ఈ పని సాధ్యమైంది.

2001 ఫిబ్రవరి 18న హవాయిలోని కెక్ 2 టెలిస్కోపుతో మైఖేల్ బ్రౌన్, జాన్ లూక్ మార్గో సిల్వియా పక్కన ఒక చుక్కను చూశారు. అది సిల్వియా నుంచి సుమారు 1,360 కిలోమీటర్ల దూరంలో, మూడున్నర రోజుల పైచిలుకు సమయంలో ఒక చుట్టు వేస్తోంది. ఆ తర్వాత ఫ్రాంక్ మార్షిస్, పాస్కల్ దెకాం, డేనియల్ ఎస్త్రోఫేర్, జెరోమ్ బెర్తియే చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుతో 2004లో తీసిన చిత్రాలను జల్లెడపట్టారు. ఇంకా లోపల, సుమారు 700 కిలోమీటర్ల దూరంలో, 33 గంటలకు ఒక చుట్టు వేసే రెండో ఉపగ్రహం వాటిలో కనిపించింది. 2005 ఆగస్టులో ఆ సంగతి ప్రకటించారు. అప్పటిదాకా ఒక ఉపగ్రహం ఉన్న గ్రహశకలాలు చాలానే తెలుసు గాని, రెండు ఉన్నది ఒక్కటీ తెలియదు.

పేర్ల కోసం వెతుక్కోవలసిన పని లేకుండా పోయింది. సిల్వియా బిడ్డలు కవలలే కదా. బయటి పెద్దదానికి రోములస్, లోపలి చిన్నదానికి రెమస్ అని పేర్లు పెట్టారు. 1866లో మద్రాసులో పెట్టిన పేరు 139 ఏళ్ళకు ఇలా అతికింది.

రెమస్ పది కిలోమీటర్లకు మించని చిన్న రాయి. రోములస్ దానికి రెండింతల దాకా ఉండవచ్చు. రెమస్ మీద నిలబడి చూస్తే సిల్వియా ఆకాశంలో 30 డిగ్రీల మేర పరుచుకుంటుంది. మన పౌర్ణమి చంద్రుడి లాంటివి అరవై పక్కపక్కన పేర్చినంత పొడవు అది. సిల్వియా నుంచి చూస్తే ఇద్దరు కవలలూ మన చంద్రుడి కంటే పెద్దగానే కనిపిస్తారు.

తూకం

ఉపగ్రహాలు దొరకడం ముచ్చట తీర్చే విషయం మాత్రమే కాదు, శాస్త్రానికి అవి తక్కెడలు. ఒంటరి గ్రహశకలం బరువు తెలుసుకోవడం చాలా కష్టం. దాని చుట్టూ ఏదైనా తిరుగుతుంటే, ఆ దూరం, ఆ కాలం తెలిస్తే చాలు, కెప్లర్ మూడో నియమంతో బరువు లెక్క తేలిపోతుంది. అలా చూస్తే సిల్వియా ద్రవ్యరాశి చంద్రుడి ద్రవ్యరాశిలో సుమారు 5,000వ వంతు. దాన్ని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.2 నుంచి 1.4 గ్రాములు వస్తుంది. నీటి కంటే కొంచెమే ఎక్కువ. మామూలు రాయి ఇందుకు రెట్టింపు పైనే తూగుతుంది.

ఈ అంకె చూసిన మార్షిస్ బృందం సిల్వియా ఒక పగిలి కూడిన రాళ్ళ కుప్ప అని, లోపల పెద్ద భాగం ఖాళీ అని తేల్చింది. ఢీకొని ముక్కలైన పాత శరీరం తన ఆకర్షణతోనే మళ్ళీ పోగుపడిందని, మిగిలిన తునకల్లో రెండు కవలలై తిరుగుతున్నాయని ఆ వివరణ. తర్వాత 2010లో సిల్వియా కక్ష్యను పోలిన కక్ష్యల్లో చిన్న గ్రహశకలాల బృందం ఒకటి ఉందని గుర్తించారు. దాన్ని సిల్వియా కుటుంబం అంటారు. ఢీకొట్టడం జరిగిందనడానికి అది బలమైన సాక్ష్యం.

అయితే కథ అక్కడితో తేలిపోలేదు. ఇంత కోలగా ఉన్న శరీరం చుట్టూ తిరిగే ఉపగ్రహాల కక్ష్యలు నెమ్మదిగా దిశ మారుతూ ఉండాలి. ఎంత మారాలో ఆకారాన్ని బట్టి లెక్కకట్టవచ్చు. ఏళ్ళ తరబడి కవలల స్థానాలను కొలిస్తే ఆ మార్పు లెక్కకన్నా తక్కువగా ఉంది. దానికి అర్థం బరువు అంతటా సమంగా పరుచుకుని లేదని, నడిబొడ్డున గట్టి గుండె ఉందని. పైన తేలిక పొర, లోపల దట్టమైన రాతిభాగం. అంటే సిల్వియా పుట్టిన కొత్తలో అల్యూమినియం-26 లాంటి రేడియోధార్మిక పదార్థాల వేడికి లోపలి మంచు కరిగి, బరువైనది అడుగుకు, తేలికైనది పైకి వెళ్ళి ఉండాలి. ఇంత ఆదిమమైన, ఇంత నల్లని శరీరం కూడా లోపల ఒకప్పుడు వేడెక్కిందన్న మాట, నా దృష్టిలో, సిల్వియా మనకు చెప్పిన అన్నిటికంటే విలువైన సంగతి. బయటి నలుపును బట్టి లోపలా మార్పేమీ జరగలేదని అనుకోవడం పొరపాటని ఇది చూపింది.

తోబుట్టువు కామిల్లా

1868 నవంబరు 17న పోగ్సన్ మద్రాసు నుంచే 107 కామిల్లాను కనుగొన్నారు. అది కూడా సుమారు 3.49 ఖగోళ ప్రమాణాల దూరంలోనే ఉంది. 250 కిలోమీటర్ల నల్లని శరీరం, ఐదు గంటల లోపే ఒక భ్రమణం. దానికి ఒక ఉపగ్రహం 2001లో, ఇంకోటి 2016లో దొరికాయి. బయటి పట్టీలో ఇంతగా పోలిన రెండు జంట ఉపగ్రహాల శరీరాలను రెండున్నరేళ్ళ తేడాలో ఒకే మనిషి, ఒకే ఊరి నుంచి పట్టుకోవడం ఖగోళ చరిత్రలో అపురూపం. ఆ చుక్కల చుట్టూ ఏం తిరుగుతోందో పోగ్సన్‌కు తెలిసే వీలే లేదు.

పరిశీలన

ఇప్పటివరకు ఏ వ్యోమనౌకా సిల్వియా దగ్గరికి వెళ్ళలేదు. డాన్ నౌక చూసిన వెస్టా, సెరెస్ పట్టీలో దీనికంటే లోపలివి. మనకు తెలిసినదంతా భూమి మీది నుంచి, భూమి చుట్టూ తిరిగే టెలిస్కోపుల నుంచి వచ్చినదే.

అందులో ఔత్సాహికుల భాగం తక్కువ కాదు. 2013 జనవరి 6న సిల్వియా ఒక నక్షత్రం ముందు నుంచి దాటింది. ఐరోపాలో పదుల మంది పరిశీలకులు తమ ఊళ్ళ నుంచి ఆ నక్షత్రం ఎంతసేపు ఆరిపోయిందో లెక్కపెట్టారు. వారిలో నలుగురికి నక్షత్రం రోములస్ చాటుకు వెళ్ళి రావడం కూడా చిక్కింది. దాంతో ఆ ఉపగ్రహం సైజు నేరుగా కొలిచారు. ఏ పెద్ద టెలిస్కోపూ ఇవ్వలేని కొలత అది.

సుమారు 14 నెలలకోసారి సిల్వియా సూర్యుడికి ఎదురుదిశలోకి వచ్చి రాత్రంతా కనిపిస్తుంది. ఎనిమిది అంగుళాల టెలిస్కోపు, ఊరి దీపాలకు దూరంగా చీకటి ఆకాశం, మంచి నక్షత్రపటం ఉంటే దాన్ని పట్టుకోవచ్చు. రెండు రాత్రులు వరుసగా ఆ చోటును గీసుకుని, ఏ చుక్క జరిగిందో చూడండి. 1866లో నుంగంబాకంలో చేసిన పని అదే.